అసలును కాపాడుకుందాం: నేలలోని సేంద్రియ పదార్థం, మన పంట రుణాలు

సూరత్ అనగానే మన తెలుగువారికి ముందుగా మరమగ్గాలు, అద్దకపు మిల్లులు, వజ్రాల సాన గుర్తుకు వస్తాయి. తెలంగాణ జిల్లాల నుండి బ్రతుకుతెరువు వెదుక్కుంటూ తరలివెళ్ళిన పద్మశాలి కుటుంబాలు ఎన్నో ఆ నగరంలో తరాలుగా స్థిరపడి ఉన్నాయి. కాగా నగరం పొలిమేర దాటి బార్డోలీ, కామ్రెజ్, ఓల్పాడ్ తాలూకాల వైపు సాగితే కనుచూపు మేర నల్లరేగడి, దానిపై చెరకు తోటలు దర్శనమిస్తాయి. 1928లో సర్దార్ వల్లభాయ్ పటేల్ నాయకత్వాన శిస్తు పెంపును ప్రతిఘటించిన నేల ఇదే. ప్రపంచంలో వాణిజ్యస్థాయిలో సాగుకు వచ్చిన తొలి సంకర ప్రత్తి రకం ‘హైబ్రిడ్-4’ 1970లో రూపుదిద్దుకొన్నది కూడా సూరత్‌లోని ప్రత్తి పరిశోధనా కేంద్రంలోనే. తాపీ నదిపై కాక్రపార్ ఆనకట్ట, ఆ తరువాత 1972లో ఉకాయ్ జలాశయం నిర్మితమైనందున ఈ ప్రాంతానికి కాలువ నీరు సమృద్ధిగా అందింది. సహకార చక్కెర కర్మాగారాలు వెలిశాయి. సహకార బ్యాంకులు, జాతీయ బ్యాంకులు ఉదారంగా పెట్టుబడి సమకూర్చాయి.

నీరు, విత్తనం, ఎరువు, పరపతి – ఈ నాలుగూ ఒక్కచోట చేరిన అరుదైన ప్రాంతమిది. అయినా ఇక్కడి ఆయకట్టులో కొంత భూమి ఊట, చౌడు సమస్యలకు లోనయింది. తోటలను కోతకు ముందో, కోత అనంతరమో తగులబెట్టే అలవాటు ఈ ప్రాంతంలోనూ ఉన్నది. మన లెక్కల్లోకి రాని ఐదవ పెట్టుబడి ఒకటి క్రమంగా తరిగిపోతున్నదనడానికి ఇవి నిదర్శనాలు. ఆ పెట్టుబడి పేరు సేంద్రియ పదార్థం. దానిని గూర్చి వ్యవసాయ శాస్త్రజ్ఞులతో పాటు, రుణమిచ్చే మనమూ, రుణం తీసుకొనే రైతు సోదరులూ కలిసి ఆలోచించవలసిన అవసరం ఎంతైనా ఉన్నదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

నేలలోని ఖాతా

పైరుకు అందే నత్రజనిలో అధికభాగం మనం చల్లిన బస్తా నుండే నేరుగా వస్తుందని భావించడం పొరపాటు. నేలలోని నత్రజనిలో నూటికి తొంభై పాళ్ళకు పైగా సేంద్రియ రూపంలోనే ఉంటుంది. వేరు దానిని యథాతథంగా గ్రహించజాలదు. బాక్టీరియాలు, శిలీంధ్రాలు దానిని విడగొట్టి అమ్మోనియా రూపంలోకి తెస్తాయి. అటు పిమ్మట నైట్రోసోమోనాస్, నైట్రోబాక్టర్ వంటి సూక్ష్మజీవులు దానిని నైట్రేటుగా మారుస్తాయి. మనం చల్లే యూరియా సైతం నేలలోని యూరియేజ్ అనే ఎంజైము చర్య వల్ల విడిపోయి, ఈ మార్గంలోనే పైరుకు చేరుతుంది. ఆ ఎంజైమును నేలకు సమకూర్చేది ముఖ్యంగా సూక్ష్మజీవులే.

ఒక చిన్న లెక్క చూడండి. ఒక హెక్టారు భూమిలో పై 15 సెంటీమీటర్ల మట్టి బరువు రమారమి 22 లక్షల కిలోలు. భూసార పరీక్షలో సేంద్రియ కర్బనం 0.5 శాతం అని వచ్చినదనుకుందాం. ఇది తక్కువ, మధ్యమ స్థాయిలకు నడుమ గల సరిహద్దు. ఆ లెక్కన ఆ మట్టిలో సుమారు 19 వేల కిలోల సేంద్రియ పదార్థం, అందులో సుమారు 950 కిలోల నత్రజని నిలువ ఉన్నట్లు. సాలుకు అందులో రెండు శాతం విడుదలైనా 19 కిలోలు, అనగా ఒక యూరియా బస్తాలోని నత్రజనితో దాదాపు సమానం. వెచ్చని మన నేలల్లో ఈ విడుదల ఇంకా అధికంగా ఉండవచ్చు.

బ్యాంకు పరిభాషలో చెప్పవలసివస్తే 950 కిలోలు అసలు, 19 కిలోలు వడ్డీ. అసలు కంటే వడ్డీ ముద్దు అన్న సామెత మనుమల విషయంలో చెల్లుతుంది గాని నేల విషయంలో చెల్లదు. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే సేంద్రియ పదార్థం విచ్ఛిన్నమయ్యే వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది. పదే పదే దున్నితే గాలి సోకి ఆ వేగం మరింత హెచ్చుతుంది. ఆ విధంగా విడుదలైన పోషకాలను పంటగా కోసుకొని, బదులుగా నేలకు ఏమీ చేర్చకపోతే మనం తింటున్నది వడ్డీ కాదు, అసలే.

చెరకు ఆకు చెప్పే పాఠం

ఈ సంగతి సూరత్ చెరకు తోటల్లో స్పష్టంగా కనిపిస్తుంది. హెక్టారు తోటలో కోత తరువాత ఎండుటాకు సుమారు 8 టన్నులు మిగులుతుందనుకుందాం. అందులో మూడు వేల కిలోలకు పైగా కర్బనం, ముప్పయి కిలోల ప్రాంతంలో నత్రజని ఉంటాయి. నిప్పు పెడితే భాస్వరం, పొటాష్ చాలావరకు బూడిదలో మిగులుతాయి. కర్బనం, నత్రజని, గంధకం మాత్రం అధికభాగం పొగగా పోతాయి.

మరి రైతు ఎందుకు తగులబెడుతున్నాడు? అజ్ఞానం అని తేల్చివేయడం సులభం, అది న్యాయం కాదు. ఆకు ఉన్న తోటలో కోత కూలీలకు పని ఆలస్యమవుతుంది. పాములు, తేళ్ళ భయం ఉంటుంది. కర్మాగారం ఇచ్చిన కోత తేదీ దాటరాదు. కార్శి తోటకు వెంటనే నీరు పెట్టాలి, బోదెలు సరిచేయాలి. వీటన్నిటికి మించి, ఆకును నేలలో కలిపిన రైతు కొద్ది వారాలకే పిలకలు పసుపుబారడం చూస్తాడు. ‘చెత్త కలిపితే తోట చెడింది’ అని ఇరుగుపొరుగుకు చెబుతాడు. మరుసటి ఏడాది ఆ పొలాలన్నింటిలో నిప్పు వెలుగుతుంది.

ఆ పసుపు రంగుకు కారణమేమి? చెరకు ఆకులో ప్రతి వంద పాళ్ళ కర్బనానికి నత్రజని ఒక పాలు మాత్రమే ఉంటుంది. వంద కిలోల కర్బనాన్ని తినే సూక్ష్మజీవులు అందులో మూడింట ఒక వంతును తమ దేహాలుగా మలచుకుంటాయనుకుంటే, ఆ దేహాల నిర్మాణానికి నాలుగు కిలోల నత్రజని కావాలి. ఆకులో ఉన్నది ఒక్క కిలోయే. తక్కువైన మూడు కిలోలను అవి మట్టి నుండి అప్పు తెచ్చుకుంటాయి. ఆ కొద్ది కాలం పైరు పస్తుంటుంది. పిమ్మట ఆహారం తరిగి సూక్ష్మజీవులు నశించినప్పుడు ఆ నత్రజని తిరిగి నేలకు చేరుతుంది. సూక్ష్మజీవి ఎగవేతదారు కాదు, వాయిదా మీద చెల్లించే ఖాతాదారు. ఆ వాయిదా గడువు తెలియకపోవడమే రైతుకు, మనకు కూడా చిక్కు తెచ్చిపెడుతున్నది.

ఉపాయం లేకపోలేదు. ఆకును ముక్కలు చేసి సాళ్ళ నడుమ పరిస్తే మట్టిలో లోతుగా కలిపినప్పటి కంటే నెమ్మదిగా చివుకుతుంది, తేమను కాపాడుతుంది, కలుపును అణచుతుంది. కొద్దిపాటి యూరియా, కుళ్ళబెట్టే శిలీంధ్రపు కల్చరు చల్లితే ఆ అప్పు భారం పైరుపై పడదు. కర్మాగారం నుండి వచ్చే ప్రెస్‌మడ్‌ను కంపోస్టుగా మార్చి వేయవచ్చు. అయితే ఆకు ముక్కలు చేసే యంత్రానికి అద్దె కావాలి, కల్చరుకు డబ్బు కావాలి, అదనపు కూలి కావాలి. అగ్గిపుల్లకు రుణం అక్కరలేదు, ప్రత్యామ్నాయానికి రుణం కావాలి. సమస్య మన గుమ్మం ముందుకు వచ్చి నిలిచేది ఇక్కడే.

ఒక్కొక్క నేలది ఒక్కొక్క అవసరం

సేంద్రియ పదార్థం అన్ని నేలలకూ ఒకే విధమైన మేలు చేస్తుందని అనుకోరాదు. తెలంగాణ చల్క నేలల్లో, దుబ్బ నేలల్లో నీరు, పోషకాలు నిలువవు. అక్కడ హ్యూమస్ గిడ్డంగి వంటిది. సూరత్ రేగడిలోనో, మన కృష్ణా డెల్టా నల్ల భూముల్లోనో బంకమట్టి స్వతహాగానే పోషకాలను పట్టి ఉంచుతుంది. అక్కడ లోపించేది గాలి. సూక్ష్మజీవులు స్రవించే జిగురు, శిలీంధ్రపు తంతువులు మట్టి రేణువులను గుళికలుగా కూర్చి, వాటి మధ్య గాలికి, నీటికి దారి కల్పిస్తాయి.

ఆ దారి మూసుకుపోతే జరిగే నష్టం తీవ్రమైనది. గాలిలో కంటే నీటిలో ప్రాణవాయువు చలనం సుమారు పదివేల రెట్లు మందగిస్తుంది. ఊట నిలిచిన నేలలో కొన్ని బాక్టీరియాలు ప్రాణవాయువుకు బదులు నైట్రేటునే వాడుకొని, దానిని వాయువుగా మార్చి ఆకాశంలోకి వదిలేస్తాయి. రైతు అప్పు చేసి కొన్న యూరియా ఆ విధంగా కంటికి కనబడకుండా హరించుకుపోతుంది. పైరు పాలిపోయిందని అతడు మరో బస్తా వేస్తాడు. అది కూడా అదే దారి పడుతుంది.

కనుక ఊట భూములకు మొదటి మందు మురుగునీటి పారుదల. ఇండో-డచ్ సహకారంతో 1990వ దశకంలో చేపట్టిన ప్రయోగాల్లో ఉకాయ్-కాక్రపార్ ఆయకట్టులోని సేగ్వా, సిసోద్రా ప్రాంతాల్లోను, ఆంధ్రప్రదేశ్‌లోని కోనంకి, ఉప్పుగుండూరులలోను భూగర్భ మురుగు గొట్టాలు అమర్చి పరిశీలించారు. సేగ్వాలో చెరకు దిగుబడులు మెరుగుపడినట్లు ఆ ప్రయోగం నిరూపించింది. మురుగు పోని పొలానికి జీవన ఎరువుల ప్యాకెట్లు కొనడానికి రుణం మంజూరు చేయడం చిల్లికుండలో నీరు పోయడమే.

అత్యుత్సాహం వద్దు

నాణేనికి మరో వైపు కూడా చూడవలసి ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుండి రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం సాగుతున్నది. సూరత్ జిల్లాలో ప్రతి గ్రామ పంచాయతీ నుండి కనీసం 75 మంది రైతులను ఈ మార్గంలోకి తేవాలన్న లక్ష్యంతో కృషి జరిగింది. 2022 జూలై 10న సూరత్‌లో ప్రకృతి వ్యవసాయ సమ్మేళనం నిర్వహించారు. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం రూ. 2,481 కోట్లతో జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్‌ను ఆమోదించింది. ఇవన్నీ నేల ఆరోగ్యం వైపు దృష్టి మళ్ళించిన మంచి పరిణామాలు.

అయితే లెక్క లెక్కే. వంద టన్నుల చెరకు పంట నేల నుండి స్థూలంగా వంద కిలోలకు పైగా నత్రజనిని, అంతకు మించి పొటాష్‌ను తీసుకుపోతుంది. పది కిలోల పేడతో చేసిన జీవామృతంలో ఉండే నత్రజని గ్రాములలో ఉంటుంది. అది సూక్ష్మజీవులను ప్రేరేపించగలదేమో గాని తూకానికి తూకం పూడ్చజాలదు. పప్పుజాతి పంటల వేరు బుడిపెలలోని రైజోబియం, నేలలోని అజటోబాక్టర్ గాలి నుండి నత్రజనిని తీసుకోగలవు. చెరకు కాండంలోనే నివసిస్తూ ఆ పని చేయగల బాక్టీరియాను బ్రెజిల్ శాస్త్రజ్ఞులు 1988లో వెల్లడించారు. భాస్వరం, పొటాష్ మాత్రం గాలిలో లేవు. భాస్వరాన్ని కరిగించే బాక్టీరియాలు, మైకోరైజా శిలీంధ్రాలు నేలలో ఉన్నదానిని వేరుకు అందిస్తాయే గాని కొత్తగా సృష్టించవు. 2021లో శ్రీలంక ప్రభుత్వం రసాయనిక ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా నిషేధించి, వరి దిగుబడులు పడిపోగా కొద్ది నెలల్లోనే వెనుకకు తగ్గవలసి వచ్చింది. మార్పుకు వ్యవధి, పెట్టుబడి రెండూ కావాలని ఆ ఉదంతం చాటుతున్నది.

సరియైన మార్గం మధ్యేమార్గమే. భారత వ్యవసాయ పరిశోధనా మండలి 1970లో ప్రారంభించిన దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగాలు అనేక కేంద్రాలలో నేటికీ కొనసాగుతున్నాయి. మన జగిత్యాల కూడా ఆ కేంద్రాలలో ఒకటి. కేవలం నత్రజని మాత్రమే వేసిన మళ్ళలో దిగుబడి క్రమంగా క్షీణించగా, సమతుల ఎరువులతో పాటు పశువుల ఎరువు వేసిన మళ్ళలో అది నిలకడగా ఉన్నదన్నది ఆ ప్రయోగాల సారాంశం.

పరపతి వ్యవస్థ చేయవలసినది

ఇక మన వంతుకు వద్దాం. పది టన్నుల పశువుల ఎరువులో ఉండే నత్రజని సుమారు 50 కిలోలు. అందులో మొదటి ఏడాది పైరుకు అందేది దాదాపు మూడింట ఒక వంతే. నత్రజని ఒక్కటే లెక్కించి, ఒక్క పంట కాలమే చూస్తే, అది ఒక యూరియా బస్తా పాటి కూడా చేయదు. పది టన్నులు తోలించి చల్లించడానికయ్యే ఖర్చు మాత్రం బస్తా ధరకు ఎన్నో రెట్లు. కనుక ఒక పంట కాలానికి పరిమితమైన మన లెక్కల పుస్తకంలో సేంద్రియ పదార్థం ఎల్లప్పుడూ నష్టదాయకంగానే కనబడుతుంది.

ఇప్పుడు మరో లెక్క. సేంద్రియ కర్బనాన్ని 0.4 నుండి 0.5 శాతానికి పెంచాలంటే హెక్టారుకు సుమారు 2,200 కిలోల కర్బనం నేలలో నిలవాలి. మనం వేసే కర్బనంలో హ్యూమస్‌గా నిలిచేది పదింట ఒకటి రెండు వంతులే. ఏటా 8 టన్నుల చెరకు ఆకు తగులబెట్టక నేలకే ఇస్తే సాలుకు సుమారు 500 కిలోలు నిలవవచ్చు. అనగా, ఉన్న అసలు తరగకుండా ఉన్నా, ఈ స్వల్ప పెంపుదలకు నాలుగైదు ఏళ్ళు పడుతుంది. బావి త్రవ్వడానికి, ట్రాక్టరు కొనడానికి ఏడేళ్ళ, తొమ్మిదేళ్ళ గడువు ఇవ్వడానికి అలవాటుపడిన మనం, నేలను బాగుచేయడానికి మాత్రం ఒక్క పంట గడువుతో సరిపెడుతున్నాం.

కిసాన్ క్రెడిట్ కార్డు పరిమితిని నిర్ణయించేటప్పుడు పంట సాగు ఖర్చుకు అదనంగా, వ్యవసాయ ఆస్తుల మరమ్మత్తు, నిర్వహణ కోసం 20 శాతం చేర్చే ఏర్పాటు ఉన్నది. మోటారు రైతు ఆస్తి, దానికి మరమ్మత్తు ఉన్నది. నాగలి ఆస్తి, దానికీ మరమ్మత్తు ఉన్నది. వీటన్నిటికీ ఆధారమైన నేల ఆస్తి కాదా? దానికి మరమ్మత్తు అక్కరలేదా? ఈ ప్రశ్నను ప్రతి శాఖాధికారి తనకు తాను వేసుకోవలసి ఉన్నది.

ఈ దృష్ట్యా కొన్ని సూచనలు పాఠకుల పరిశీలనకు ఉంచుతున్నాను.

మొదటిది, రుణ పరిమాణాన్ని నిర్ణయించే జిల్లా స్థాయి సాంకేతిక కమిటీలు జీలుగ, జనుము విత్తనాలకు, ఆకు ముక్కలు చేసే యంత్రపు అద్దెకు, కంపోస్టు రవాణాకు విడిగా ఒక పద్దు కేటాయించాలి. యాభై రోజుల పచ్చిరొట్ట పైరు హెక్టారుకు 60 కిలోల వరకు నత్రజనిని ఇవ్వగలదు. విత్తనం సకాలంలో చేతికందితేనే అది సాధ్యం.

రెండవది, యంత్రాలు, కంపోస్టు కేంద్రాలు చిన్న రైతు ఒక్కడు కొనగలిగినవి కావు. 2020లో ఏర్పడిన వ్యవసాయ మౌలిక సదుపాయాల నిధి కింద సహకార సంఘాలకు, రైతు ఉత్పత్తిదారుల సంస్థలకు మూడు శాతం వడ్డీ రాయితీతో రుణాలు ఇవ్వవచ్చు. సేంద్రియ ఉత్పాదకాల తయారీ అందులో అర్హమైనదే. సూరత్ వంటి పారిశ్రామిక ప్రాంతాలలో మాత్రం ఒక జాగ్రత్త అవసరం. అద్దకపు మిల్లుల మురుగు కలిసిన బురదను పరీక్షించకుండా కంపోస్టులో చేర్చరాదు. భారలోహాలు నేలలో చేరితే వాటిని తీసివేయడం దుస్సాధ్యం.

మూడవది, 2015లో ప్రారంభమైన భూసార ఆరోగ్య పత్రం 12 అంశాలను తెలియజేస్తుంది. సేంద్రియ కర్బనం వాటిలో ఒకటి. కార్డు పునరుద్ధరణ సమయంలో ఆ ఒక్క అంకెను రైతు ఖాతాలో నమోదు చేసుకొని, గత అంకెతో పోల్చి అతనికి చెబుదాం. అంకె తగ్గినదని రుణం తగ్గించరాదు. అది శిక్షకు సాధనం కాకూడదు, హెచ్చరికగా మాత్రమే ఉండాలి.

నాలుగవది, కౌలు రైతుల సమస్య. వచ్చే ఏడు ఈ పొలం తన చేతిలో ఉంటుందో లేదో తెలియని కౌలుదారు, నాలుగేళ్ళకు ఫలితమిచ్చే పెట్టుబడి ఎందుకు పెడతాడు? ఆంధ్రప్రదేశ్‌లో 2011లో అధీకృత సాగుదారుల చట్టం, 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చాయి. 2019 చట్టం ప్రకారం ఒప్పందపు గడువు పదకొండు నెలలు. పదకొండు నెలల హక్కుతో పంట పండించవచ్చు గాని నేలను పండించలేము. యజమాని, కౌలుదారు ఇరువురూ సంతకం చేసే మూడు నాలుగేళ్ళ నేల అభివృద్ధి రుణం ఒకటి రూపొందించడం సాధ్యమేనని నా నమ్మకం. ఖర్చులో యజమానికి కూడా వాటా ఉండాలి, ఎందుకంటే అంతిమంగా పెరిగేది అతని భూమి విలువే.

‘మేము బ్యాంకర్లం, మట్టి శాస్త్రజ్ఞులం కాము’ అని కొందరు మిత్రులు ఆక్షేపించవచ్చు. నిజమే. అయితే ఇచ్చిన రుణానికి నిజమైన పూచీ తనఖా కాగితంలో లేదు, ఆ కాగితంలో పేర్కొన్న సర్వే నంబరులోని జానెడు లోతు మట్టిలో ఉన్నది. ఆల్బర్ట్ హోవార్డ్, యశ్వంత్ వాడ్ ఇందోరులో చేసిన కంపోస్టు పరిశోధనలను 1931లో గ్రంథస్థం చేశారు. ఆ పద్ధతికి మూలం మన పల్లెల చెత్త, పేడ, మట్టి, బూడిద. జ్ఞానం మనకు కొత్త కాదు. దానికి గడువు, పద్దు కేటాయించడమే కొత్త.

పాఠక మిత్రులారా! మీరు రైతులైతే, ఈ కోతకాలంలో కనీసం ఒక ఎకరంలోనైనా ఆకును తగులబెట్టక నేలకు అప్పగించి చూడండి. పసుపు రంగు చూసి భయపడకండి, కొన్ని వారాలు గడువివ్వండి. మీరు శాఖాధికారులైతే, ఆ ఎకరానికయ్యే అదనపు ఖర్చును దరఖాస్తులో ఒక వరుసగా వ్రాయించండి. మన పెద్దలు మనకు అప్పగించిన అసలును మన పిల్లలకు చెక్కుచెదరకుండా అప్పగించడం కంటే మిన్నయైన రుణ చెల్లింపు వేరొకటి లేదు.